న్యూజెర్సీలో ఒకే బడి ఉన్న చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్: బోర్డు, పన్ను, ఫలితాల గురించి మీ అనుభవాలు చెప్పండి

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఎడిసన్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మిడిల్‌సెక్స్, మెర్సర్ కౌంటీలలో ఇల్లు వెతుకుతుండగా ఒకే ఒక బడి, అదీ ఎనిమిదో తరగతి వరకే ఉన్న చిన్న టౌన్‌షిప్ ఒకటి మాకు నచ్చింది. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్టు అంటే జిల్లా కాదు, ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ. ఐదు వందల మంది పిల్లలు కూడా లేని ఆ డిస్ట్రిక్టుకు సొంత బోర్డు, సొంత సూపరింటెండెంట్ (బడి వ్యవహారాలు చూసే ముఖ్య అధికారి), సొంత బడ్జెట్ ఉన్నాయని తెలిసి ఆశ్చర్యపోయాను. నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నాను. అక్కడ అయ్యవార్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వచ్చేవి, బదిలీలు పై అధికారుల చేతిలో ఉండేవి, ఊరివాళ్లకు బడి జమాఖర్చులతో పనే ఉండేది కాదు. ఇక్కడ ఇల్లు చూపించే ఏజెంటు రేటింగు పదికి తొమ్మిది అని చెప్పి ఊరుకుంటున్నాడు. ఆ బడిని నడిపేది ఎవరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎనిమిది తర్వాత పిల్లలు ఎక్కడికి వెళతారు, ఆ రేటింగును ఎంతవరకు నమ్మవచ్చు? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

రారిటన్ ఒడ్డు:
మేము అలాంటి డిస్ట్రిక్టులోనే పదకొండేళ్లుగా ఉంటున్నాము. ఈ రాష్ట్రంలో సుమారు 600 స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి, వాటిలో చాలావాటి పరిధి ఒక్క ఊరే. బోర్డు సభ్యులను ఓటర్లు మూడేళ్ల కాలానికి ఎన్నుకుంటారు, వారికి జీతం ఉండదు. సాధారణంగా తొమ్మిది మంది ఉంటారు, చిన్న చోట్ల ఇంకా తక్కువ మంది కూడా ఉండవచ్చు. బడిని రోజువారీగా నడపడం బోర్డు పని కాదు. సూపరింటెండెంటును నియమించడం, బడ్జెట్ ఆమోదించడం, టీచర్ల సంఘంతో ఒప్పందం కుదుర్చుకోవడం, విధానాలు నిర్ణయించడం వారి పనులు. మా పాపకు ఫలానా టీచరు కావాలని బోర్డు సభ్యుడిని అడిగితే ఆయన ఏమీ చేయలేడు, చేయకూడదు కూడా. మన వాళ్లలో చాలామంది ఈ తేడా తెలియక మొదటి ఏడాది నొచ్చుకుంటారు.

ఒక ముఖ్యమైన మార్పు చెబుతాను. పూర్వం బడి ఎన్నికలు ఏప్రిల్‌లో జరిగేవి, బడ్జెట్ మీద కూడా ప్రజలు ఓటు వేసేవారు. 2012లో వచ్చిన చట్టం ఆ ఎన్నికలను నవంబరుకు మార్చుకునే వీలు కల్పించింది. అలా మార్చుకున్న డిస్ట్రిక్టులో పన్ను పెంపు పరిమితికి లోబడి ఉంటే బడ్జెట్ మీద ఓటింగే ఉండదు. దాదాపు అన్ని డిస్ట్రిక్టులూ ఈ దారే పట్టాయి. కనుక బడ్జెట్ మీద మాట్లాడాలంటే ఓటుపెట్టె కాదు, బోర్డు సమావేశమే మనకు మిగిలిన చోటు. మా ఊళ్లో ఒక ఏడాది ఒక స్థానానికి ఎవరూ నామినేషన్ వేయలేదు. బ్యాలెట్ మీద చేత్తో పేరు రాసిన కొద్దిమంది ఓటర్లే సభ్యుడిని నిర్ణయించారు. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంది.

పద్దుల పుస్తకం:
డబ్బు సంగతి నేను చెబుతాను, అకౌంట్స్ పనిలో ఉన్నాను కాబట్టి ఏటా మా డిస్ట్రిక్టు బడ్జెట్ మొత్తం చదువుతాను.

న్యూజెర్సీ నిధుల సూత్రం 2008 నాటి చట్టం ప్రకారం నడుస్తుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని ఒక మూల వ్యయం లెక్కగట్టి, పేద కుటుంబాల పిల్లలకు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు అదనపు మొత్తం కలిపి, ఆ డిస్ట్రిక్టు నడవడానికి ఎంత కావాలో తేలుస్తారు. ఆ ఊరి ఆస్తుల విలువను, నివాసుల ఆదాయాన్ని చూసి ఊరు తనంతట తాను ఎంత భరించగలదో లెక్కిస్తారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను రాష్ట్రం సమీకరణ సాయంగా ఇస్తుంది. ఈ సూత్రం వెనుక 1985లో మొదటి తీర్పు వెలువడిన అబాట్ వర్సెస్ బర్క్ కేసు ఉంది. పేద నగరాల పిల్లలకు సంపన్న శివారు ప్రాంతాలతో సమానంగా ఖర్చు చేయాలని రాష్ట్ర సుప్రీంకోర్టు పట్టుబట్టిన కేసు అది, నా దృష్టిలో ఈ రాష్ట్రం గర్వించదగ్గది. అయితే మీరు చూస్తున్నటువంటి, ఖరీదైన ఇళ్లున్న చిన్న ఊరికి సమీకరణ సాయం దాదాపుగా ఉండదు. ప్రత్యేక విద్య, రవాణా, భద్రత పేరిట కొంత వస్తుంది, మిగిలిందంతా ఇంటి పన్నే. 2024లో రాష్ట్రంలో సగటు ఆస్తి పన్ను మొదటిసారి ఏడాదికి 10,000 డాలర్లు దాటింది, అందులో సగానికి పైగా బడులకే వెళుతుంది.

ఇక మెలిక ఎక్కడుందంటే, 2010లో చేసిన చట్టం ప్రకారం బడి పన్ను వసూలు మొత్తాన్ని ఏటా రెండు శాతానికి మించి పెంచకూడదు, కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఉదాహరణకు కోటి డాలర్ల పన్ను మీద నడిచే డిస్ట్రిక్టుకు రెండు శాతం అంటే రెండు లక్షలు. ఒప్పందం ప్రకారం పెరగాల్సిన జీతాలకే అది చాలకపోవచ్చు. దానిపైన ఉద్యోగుల ఆరోగ్య బీమా ప్రీమియం ఒక్క ఏడాదిలోనే పది శాతానికి మించి పెరిగిన సందర్భాలు ఉన్నాయి. పది బడులున్న డిస్ట్రిక్టు ఆ దెబ్బను అక్కడా ఇక్కడా సర్దుకుంటుంది. ఒకే బడి ఉన్నచోట సర్దడమంటే సంగీతం టీచరును తీసేయడమో, స్పానిష్ క్లాసును సగానికి తగ్గించడమో అవుతుంది. ప్రతి డిస్ట్రిక్టూ సామాన్యులకు అర్థమయ్యే బడ్జెట్ పత్రాన్ని తన వెబ్‌సైటులో పెట్టి తీరాలి. గత మూడేళ్ల పత్రాలు పక్కపక్కన పెట్టుకుని, ముందు మిగులు నిధి తరుగుతోందేమో చూడండి. ఏటా మిగులును కరిగించి లోటు పూడుస్తున్న డిస్ట్రిక్టు, రేటింగు ఎంత బాగున్నా, రెండు మూడేళ్లలో ఇబ్బందుల్లో పడుతుంది.

మల్లెపందిరి:
పైన చెప్పిన ప్రత్యేక విద్య గురించి ఒక తల్లిగా రాస్తున్నాను. మా బాబుకు ఆటిజం ఉంది. చిన్న డిస్ట్రిక్టులో అతనికి తగిన తరగతి లేకపోవడంతో బయటి పాఠశాలకు పంపారు. ఆ ఫీజు, బస్సు ఖర్చు రెండూ డిస్ట్రిక్టే భరించాలి, అది 1975 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు. అదనపు ఖర్చులో నలభై శాతం వరకు తామే ఇస్తామని నాడు కాంగ్రెస్ చెప్పింది, ఆ మాట ఒక్క ఏడాది కూడా నిలబెట్టుకోలేదు. ప్రైవేటు ప్రత్యేక పాఠశాల ఫీజు ఏడాదికి 55,000 డాలర్లు దాటాక ఆ పై మొత్తంలో కొంత భాగానికి రాష్ట్రం సాయం చేస్తుంది, అదీ పూర్తిగా రాదు.

ఒక బడ్జెట్ సమావేశంలో ఎవరో లేచి, బయటికి పంపే ఇద్దరు ముగ్గురు పిల్లల వల్లే పన్ను పెరుగుతోందని అన్నారు. పేరు చెప్పలేదు. కానీ అంత చిన్న ఊళ్లో ఆ ఇద్దరు ముగ్గురు ఎవరో అందరికీ తెలుసు. నేను వెనుక వరుసలో కూర్చుని ఉన్నాను. అయినా ఒక మాట నిజాయితీగా చెప్పాలి: మా బాబు అవసరాలను ఆ చిన్న బడిలోని టీచరు గుర్తించినంత త్వరగా పెద్ద బడిలో గుర్తించేవారా అంటే నాకు అనుమానమే. అందుకే మీ పిల్లలకు అలాంటి అవసరం ఉంటే ఇల్లు కొనేముందే ఆ డిస్ట్రిక్టు ప్రత్యేక విద్య విభాగంతో నేరుగా మాట్లాడండి.

ఊరిబాట:
ఎనిమిది తర్వాత సంగతి. హైస్కూలు లేని ఊరు పొరుగు డిస్ట్రిక్టుతో ఒప్పందం పెట్టుకుని పిల్లలను పంపుతుంది, తలకు ఇంత అని ఫీజు కడుతుంది. మిడిల్‌సెక్స్ కౌంటీలోని క్రాన్‌బరీ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఒకే బడి, ఎనిమిదో తరగతి వరకు. ఆ తర్వాత పిల్లలు ప్రిన్స్‌టన్ హైస్కూలుకు వెళతారు, ప్రిన్స్‌టన్ బోర్డులో క్రాన్‌బరీకి ఒక ప్రతినిధి ఉంటాడు. అయితే అలాంటి ప్రతినిధి అన్ని విషయాల మీదా ఓటు వేయలేడు. తలసరి ఫీజును ముందు అంచనాగా నిర్ణయించి, ఆ తర్వాత అసలు ఖర్చు తేలాక సర్దుబాటు చేస్తారు. ఆ సర్దుబాటు పెద్దదైతే చిన్న ఊరి బడ్జెట్ మళ్లీ తలకిందులవుతుంది. ఒప్పందం నుంచి బయటపడాలంటే రాష్ట్ర విద్యా కమిషనర్ అనుమతి కావాలి, అది తేలిగ్గా దొరకదు.

వ్యాలీ రాంచ్ అమ్మ:
టెక్సాస్ నుంచి రాస్తున్నాను, పోల్చుకోవడానికి పనికొస్తుందేమో. మీ దగ్గర అక్టోబరు మధ్యలో పిల్లల లెక్క తీసి దాన్నిబట్టి సాయం ఇస్తారు. మా దగ్గర మాత్రం సగటు రోజువారీ హాజరును బట్టి నిధులు వస్తాయి. డిసెంబరులో మనం పిల్లలను తీసుకుని ఐదు వారాలు హైదరాబాదు వెళితే ఆ మేరకు డిస్ట్రిక్టు నిధి తగ్గుతుంది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. అప్పటి నుంచి మా ప్రయాణాలు వేసవికి మార్చుకున్నాము.

ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 2025 వరకు 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, ఈలోగా ధరలు ఎంత పెరిగాయో మనకందరికీ తెలుసు. దానికితోడు 1993 నుంచి ఉన్న నియమం ప్రకారం ఆస్తి విలువ ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టులు కొంత పన్నును రాష్ట్రానికి తిరిగి కట్టాలి. డాలస్ శివారులోని కొప్పెల్ డిస్ట్రిక్టు 2023లో పింకర్టన్ ఎలిమెంటరీని మూసివేయాలని నిర్ణయించింది. మంచి పేరున్న చోట కూడా బడి మూతపడవచ్చునని మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు అప్పుడు అర్థమైంది.

పాత పంతులు:
నెల్లూరులో, ఆ తర్వాత ఇక్కడ కలిపి ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. రేటింగు మీద నా అభిప్రాయం ఇది. ఒక తరగతిలో నలభై మంది ఉంటే ఒక్క విద్యార్థి రెండున్నర శాతం. నలుగురు పిల్లలు ఆ రోజు సరిగా రాయకపోతే ఫలితం పది శాతం పడిపోతుంది, పై ఏడాది నలుగురు చురుకైనవారు చేరితే అంతే లేస్తుంది. అందుకని చిన్న బడి ఫలితాలను ఒక్క ఏడాదివి చూడకండి, కనీసం నాలుగైదేళ్లవి కలిపి చూడండి. రాష్ట్రం ప్రచురించే నివేదికలో ఉత్తీర్ణత శాతంతో పాటు, ఒకే స్థాయిలో మొదలైన పిల్లలతో పోలిస్తే వీళ్లు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారో చూపే వృద్ధి సూచిక ఉంటుంది. బడి పని తెలిసేది అక్కడే. విద్యార్థులు మరీ తక్కువగా ఉన్న వర్గాల ఫలితాలను గోప్యత కోసం బయటపెట్టరు కనుక, వెనుకబడ్డ పిల్లలకు ఏం జరుగుతోందో చిన్న బడి నివేదికలో అసలు కనిపించకపోవచ్చు.

ఇంకొక మాట, నొచ్చుకోకండి. మన పిల్లలు వారాంతాల్లో బయట లెక్కలు, ఇంగ్లీషు చదువుతారు. ఆ మార్కులు బడి ఖాతాలో పడతాయి. అలాంటి కుటుంబాలు ఎక్కువగా ఉన్నచోట రేటింగు పెరుగుతుంది, దాన్ని చూసి ఇళ్ల ధరలు పెరుగుతాయి. అందులో బడి పాత్ర ఎంతో ఎవరూ అడగరు.

రారిటన్ ఒడ్డు:
పంతులు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మరొకటి చేర్చాలి. కృష్ణాతీరం గారూ, మీరు హెచ్-1బీ మీద ఉంటే బోర్డు ఎన్నికల్లో ఓటు వేయలేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పౌరసత్వం లేని తల్లిదండ్రులకు బడి బోర్డు ఎన్నికల్లో ఓటు ఉంది గాని న్యూజెర్సీలో లేదు. కానీ బోర్డు సమావేశంలో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ప్రజలు మాట్లాడే సమయం కేటాయించి తీరాలి. మూడు నిమిషాలే ఇస్తారు, ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

కృష్ణాతీరం:
మీ అందరికీ కృతజ్ఞతలు. ఏప్రిల్ చివరి వారంలో ఆ డిస్ట్రిక్టు బడ్జెట్ విచారణ జరిగితే నేనూ నా భార్యా వెళ్లాము. బడి లైబ్రరీలో పెట్టారు. బోర్డు సభ్యులు, సిబ్బంది కాకుండా వచ్చినవాళ్లం తొమ్మిది మందిమి. పద్దుల పుస్తకం గారు చెప్పినట్టే మూడేళ్ల పత్రాలు ముద్రించి పట్టుకెళ్లాను. మిగులు నిధి రెండేళ్లుగా తగ్గుతోంది. నా వంతు వచ్చినప్పుడు హైస్కూలు ఫీజు సర్దుబాటు ఈసారి ఎంత వచ్చింది, దానికోసం ఏమి తగ్గించారు అని అడిగాను. డిస్ట్రిక్టు జమాఖర్చులు చూసే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ దాపరికం లేకుండా చెప్పారు: ఒక సహాయ ఉపాధ్యాయుడి పోస్టు భర్తీ చేయకుండా వదిలేశారు, లైబ్రేరియన్ ఇకపై వారానికి మూడు రోజులే వస్తారు. సమావేశం ముగిశాక ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి, ఈ ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ అని అడిగారు. ఇంకా కొనలేదని చెప్పాను. ఆ లైబ్రరీలో నలభై ఏళ్ల క్రితం తమ పిల్లలు చదువుకున్నారని, లైబ్రేరియన్ గురించి వచ్చే నెల సమావేశంలో మాట్లాడబోతున్నానని, వీలైతే రమ్మని అన్నారు. మేము వెళుతున్నాము.