ప్రమాదం జరగ్గానే "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాసేయడం న్యాయమేనా?

ఫిట్టర్:
ఏ ప్రమాద నివేదిక తిరగేసినా చివరికి తేలేది ఒకటే: ఆపరేటర్ నిర్లక్ష్యం. కన్వేయర్ రోలర్‌లో చెయ్యి నలిగినా అంతే, నిచ్చెన మీంచి పడినా అంతే. నన్నడిగితే అది కారణమే కాదు. విచారణ చేసేవాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగిపోయారంతే. మీరేమంటారు?

సేఫ్టీ ఆఫీసర్:
నేను ఒప్పుకోను ఫిట్టర్ గారూ. మిషన్‌కి గార్డు (చెయ్యి పోకుండా అడ్డు) పెట్టాం, శిక్షణ ఇచ్చాం, సంతకాలు తీసుకున్నాం. అయినా మిషన్ తిరుగుతుండగానే చెయ్యి పెడతారు. చేతులు లోపలికి పోకుండా రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాల్సిన రేకుల ప్రెస్సు మిషన్‌లో ఒకదానికి టేపు చుట్టేసి ఒంటిచేత్తో నడిపేవాళ్లను నేనే పట్టుకున్నాను. నూటికి 88 ప్రమాదాలు మనుషులు చేసే పనుల వల్లేనని అమెరికా భద్రతా నిపుణుడు హెయిన్‌రిచ్ 1931లోనే చెప్పాడు. మనిషి తప్పేం లేదంటే రేపు ఎవరు మాట వింటారు?

ఫిట్టర్:
ఆ 88 ఎలా వచ్చిందో చూడండి. హెయిన్‌రిచ్ బీమా కంపెనీ ఉద్యోగి. ఆయన లెక్కగట్టింది బీమా క్లెయిములు, ఫ్యాక్టరీ యజమానుల రికార్డులు. తప్పెవరిదో రాసేది పైవాళ్లయినప్పుడు అంకె అలాగే వస్తుంది.

ఇక టేపు సంగతి. ఆ ప్రెస్సు దగ్గర ఒక షిఫ్టంతా నిలబడి చూడండి. రేకుని పట్టి ఉంచే ఫిక్స్చర్ అరిగిపోయి ఉంటుంది, రేకు కుదురుగా కూర్చోదు. ఎడమ చేత్తో అదిమి పట్టుకోకపోతే పక్కకి జరిగి స్క్రాప్ అవుతుంది. స్క్రాప్ అయితే తిట్లు, టార్గెట్ తగ్గినా తిట్లు. టేపు పుట్టేది అక్కడ. రోజూ ఆ దారినే తిరిగే సూపర్‌వైజర్‌కి అది కనబడదంటే నేను నమ్మను. రెండు బటన్లూ అర సెకను తేడా లోపు నొక్కితేనే, ప్రతి స్ట్రోకుకీ రెండూ వదిలి మళ్లీ నొక్కితేనే కదిలే కంట్రోల్ ఎప్పట్నుంచో ఉంది. అది బిగిస్తే టేపు పనే చెయ్యదు. అది కొనకుండా సంతకాలు తీసుకుని ఏం లాభం?

షిఫ్ట్ ఇన్‌చార్జ్:
నేను చూసినంతలో పెద్ద ప్రమాదాలు షిఫ్టు మారేటప్పుడే మొదలవుతాయి. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫాం ప్రమాదంలో 167 మంది చనిపోయారు. పగలు ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ చోట మూత బిగించారు. పని సాయంత్రానికి పూర్తికాలేదు. వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టుకి చేరలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వాళ్లు దీన్నే స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. బటన్ నొక్కినవాడిది నిర్లక్ష్యం అందామా?

అలసట కూడా ఉంది, దాన్నెవరూ రాయరు. 2005లో టెక్సాస్ సిటీ రిఫైనరీ పేలి 15 మంది పోయారు. అక్కడి ఆపరేటర్లు కొందరు రోజుకి 12 గంటల చొప్పున 29 రోజులు, అంతకు మించి కూడా వరసగా డ్యూటీ చేస్తున్నారని విచారణలో బయటపడింది.

వెల్డర్:
అన్నా, కాంట్రాక్టు వాళ్ల గురించి కూడా రాయండి. ట్యాంకులోకి దిగమంటారు, గ్యాస్ టెస్టు అడిగితే టైం లేదంటారు. గట్టిగా అడిగినవాడికి మర్నాడు పనుండదు. లోపల ఒకడు పడిపోతే పైనున్నవాడు ఆగలేడు, ఊరికే దూకేస్తాడు. ఇలాంటి మూసి ఉన్న చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లో చెప్పింది. పైన తాడు లాగే మూడు కాళ్ల స్టాండు (ట్రైపాడ్), లోపలివాడి ఒంటికి హార్నెస్ బెల్టూ తాడూ ఉంటే దూకాల్సిన అవసరమే రాదు.

సేఫ్టీ ఆఫీసర్:
ట్యాంకు విషయంలో మీ మాట కాదనను, గ్యాస్ టెస్టు లేకుండా పర్మిట్ ఇచ్చినవాడిదే తప్పు. కానీ ఫిట్టర్ గారూ, ఫిక్స్చర్ మార్చి, కొత్త కంట్రోల్ బిగించాక కూడా ఎవడైనా ఆ కంట్రోల్ పనిచెయ్యకుండా వైరు కలిపి నడిపితే ఏం రాయమంటారు?

ఫిట్టర్:
అప్పుడు నిరభ్యంతరంగా అతని పేరు రాయండి, నేను అడ్డురాను. ఈలోగా రాసే ప్రతి నివేదికలోనూ మిషన్ గార్డు ఎన్నాళ్లుగా ఊడి ఉంది, రిపేరుకి ఎప్పుడు ఇండెంట్ (కావాలని రాసిచ్చే కాగితం) పెట్టారు, దాన్ని ఎవరి టేబుల్ మీద ఆపారు అన్నది కూడా రాయండి. ఇండెంట్ల రిజిస్టర్ మా సెక్షన్‌లోనే ఉంటుంది, ఎప్పుడొచ్చినా చూపిస్తాను.