కొత్త ఇంజిన్‌ను లేతుకు కట్టి తిప్పవచ్చా?

పాతబోల్టు (శనివారం ఉదయం)
మొదటిసారి సొంతంగా ఒక చిన్న మోడల్ ఇంజిన్ చేశాను. రెండు స్ట్రోకులది, ప్లగ్గు లేకుండా ఒత్తిడి వేడికే మండే రకం. బోరు 15 మి.మీ., స్ట్రోకు 14 మి.మీ., లెక్కకు 2.5 సీసీకి రవ్వంత తక్కువ. స్టీలు లైనరు (పిస్టన్ కదిలే గొట్టం), పోత ఇనుము పిస్టన్, రింగులు లేవు. లాపింగ్ పేస్టు (రాపిడి పొడి కలిపిన ముద్ద) పెట్టి రెండు సాయంత్రాలు సాన పట్టాను. అయినా పిస్టన్ పైకొసకు వచ్చేసరికి పట్టేస్తోంది. ప్రొపెల్లరు తిప్పీ తిప్పీ వేళ్లు వాచాయి తప్ప ఇంజిన్ అందుకోవడం లేదు. క్రాంకు షాఫ్టును లేతు (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) చక్‌లో బిగించి, నూనె పోస్తూ ఒక గంట తిప్పితే దారికి వస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. అలా చేస్తే ఇంజిన్‌ను చేజేతులా చంపుకున్నట్లేనని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి?

నూనెచుక్క
తిప్పండి. భయం లేదు. హెడ్డు తీసేసి, ఆముదం ధారాళంగా పోసి, నిమిషానికి 300 చుట్లు దాటకుండా తిప్పండి. గంట అక్కరలేదు, పది నిమిషాలకు ఒకసారి ఆపి చేత్తో చూసుకోండి. నేను చేసిన ఆరు ఇంజిన్లూ ఇలాగే కళ్లు తెరిచాయి.

ఆకురాయి
తిప్పవద్దు. చల్లగా ఉన్న లైనరు ఆకారం వేరు, మండుతున్నప్పటి ఆకారం వేరు. ఎగ్జాస్టు ద్వారం ఉన్న వైపు కాలిపోతూ ఉంటుంది. ఎదుటి వైపు కొత్తగా వచ్చే ఇంధనం చల్లబరుస్తూ ఉంటుంది. గొట్టం ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా వ్యాకోచిస్తుంది. మీరు లేతు మీద చల్లగా తిప్పి అరగదీసేది, నడిచేటప్పుడు అసలు ఉండని ఆకారానికి. ఇంజిన్ నిజంగా నడిచే సమయానికి కావలసిన చోట లోహం మిగలదు.

ఆవిరిబండి
నా ఆవిరి ఇంజిన్లకు ఈ గొడవే లేదు. కంప్రెసరు గాలి పెట్టి ఒక పూట వదిలేస్తే సరి.

ఆకురాయి
ఆవిరిబండి గారూ, మీది వేరే లోకం. అక్కడ పిస్టన్ చుట్టూ ప్యాకింగ్ ఉంటుంది, కాస్త వదులైనా గ్లాండు నట్టు బిగిస్తే సరిపోతుంది. ఇక్కడ పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉన్నవి కొన్ని మైక్రాన్లు, నూనె పొర. అది పోతే కంప్రెషన్ (ఇంధనాన్ని మండించే ఒత్తిడి) పోయినట్లే, బిగించడానికి నట్టు లేదు.

పాతబోల్టు
హెడ్డు తీసి పది నిమిషాలు తిప్పాను (క్షమించాలి ఆకురాయి గారూ, చేయి ఆగలేదు). నూనె సిరాలా నల్లగా బయటికి వచ్చింది. అంత లోహం అరిగిపోయిందా?

ఆకురాయి
అదిగో. ఆ నలుపంతా మీ పిస్టనే.

నూనెచుక్క
ఎవరు చెప్పారు? పోత ఇనుములో సహజంగానే గ్రాఫైటు రేకులు ఉంటాయి. పట్టుకుంటేనే చేతికి నలుపు అంటుతుంది. నూనె నల్లబడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆకురాయి
గ్రాఫైటు కొంత, ఇనుము కొంత. ఎంత ఎంత అన్నదే ప్రశ్న.

నూనెచుక్క
మరి "అంతా పిస్టనే" అని ఎందుకు అన్నారు?

ఆకురాయి
మాట పట్టుకుని వేలాడకండి. పాతబోల్టు గారూ, తెల్లని పింగాణీ పళ్లెంలో ఆ నూనె కొంచెం పోసి, కిరోసిన్ కలిపి పల్చన చేసి, అడుగున అయస్కాంతం కదపండి. ఇనుప రజను దాని వెంట పాకుతుంది, గ్రాఫైటు పాకదు.

ఇత్తడిగొట్టం
ఒక మాట. ఇద్దరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. క్రోమియం పూత వేసిన ఇత్తడి లైనరు, అల్యూమినియం పిస్టన్ ఉన్న ఇంజిన్‌లో పైకొసన పట్టేయడం లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. గొట్టం పైన సన్నగా, కింద కొంచెం వెడల్పుగా ఉంటుంది. ఇత్తడి వ్యాకోచం ఇనుము కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి వేడెక్కితే పైభాగం తెరుచుకుంటుంది. దాన్ని చల్లగా లేతు మీద తిప్పితే ఆ బిగువు అరిగి, వేడెక్కాక కంప్రెషన్ మిగలదు. అలాంటి వాటిని మొదటి నుంచీ వేడిగానే నడపాలి. ఈ చర్చ చదివి ఎవరైనా తమ దానికీ ఇదే చేస్తారేమోనని రాస్తున్నాను.

నాలుగుస్ట్రోకులు
రింగులు ఉన్నవాటికీ లేతు పనికిరాదు. రింగును గోడకు గట్టిగా అదిమేది దాని వెనక చేరే గ్యాసు ఒత్తిడి. ఆ ఒత్తిడి లేకుండా ఎంతసేపు తిప్పినా గోడ అద్దంలా మెరుస్తుంది తప్ప రింగు కూర్చోదు.

పాతబోల్టు (ఆదివారం)
పళ్లెం పరీక్ష చేశాను. అయస్కాంతం వెంట చీమల బారులా సన్నటి గీత కదిలింది. కాని చాలా భాగం కదలలేదు. కదలని దాన్ని వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతోంది. గ్రాఫైటు గరగరలాడుతుందా?

ఆకురాయి
లాడదు. జారుతుంది. అది మీ లాపింగ్ పేస్టు! సాన పట్టాక దేనితో కడిగారు?

పాతబోల్టు
కిరోసిన్‌తో. రెండుసార్లు.

ఆకురాయి
కిరోసిన్ పేస్టులోని కొవ్వును కరిగిస్తుంది, రాపిడి పొడిని మాత్రం గోడ గీతల్లోనే వదిలేస్తుంది. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షు పెట్టి రుద్దాలి. తెల్ల గుడ్డ లోపల తిప్పితే తెల్లగానే రావాలి. ఆరిన వెంటనే నూనె పూయాలి, లేకపోతే తుప్పు. మీరు లేతు మీద చేసింది రన్నింగ్ ఇన్ (కొత్త ఇంజిన్‌ను మెల్లగా తిప్పి భాగాలను సర్దుకోనివ్వడం) కాదు, పేస్టుతో మూడో సాయంత్రం లాపింగ్. క్రాంకు పిన్ను దగ్గరి కంచు బుష్షులోకి కూడా ఆ పొడి పోయి ఉంటుంది. మెత్తటి కంచులో అది కూరుకుపోతే షాఫ్టును ఆకురాయిలా తింటూనే ఉంటుంది. నా పేరు చెడగొట్టడానికి.

నూనెచుక్క
కడగకపోవడం కడగకపోవడమే. దానికి లేతును ఎందుకు నిందిస్తారు? కడిగి తిప్పితే ఏమిటి నష్టం?

ఆకురాయి
నష్టం నేను చూశాను. నా రెండో ఇంజిన్‌ను ఒక పెద్దాయన చేతిలో పెట్టాను, అనుభవజ్ఞుడు కదా అని. ఆయన డ్రిల్లింగ్ యంత్రానికి బిగించి రెండు గంటలు తిప్పారు, నన్ను అడగకుండా. ఇంటికి తెచ్చి ప్రొపెల్లరు తిప్పితే బొంగరంలా తిరిగింది. చూపుడు వేలితో తోస్తే కంప్రెషన్ దాటిపోతోంది. ఎనిమిది నెలల పని.

నూనెచుక్క
నా కథ కూడా వినండి. ఎవరో మీలాంటివారు "తిప్పవద్దు, నడిపే సర్దాలి" అన్నారని, నా మొదటి ఇంజిన్‌ను బిగువుగా ఉండగానే ఎలక్ట్రిక్ స్టార్టరుతో తిప్పాను. ఒక్క దెబ్బకు పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగింది. అంతే.

ఆకురాయి
వంచింది బిగువు కాదు, ఇంధనం. సిలిండరులో ద్రవం నిండి ఉండగా స్టార్టరు పెట్టారు. ద్రవం కుదించుకుపోదు కదా, ఎక్కడో ఒకచోట విరగాలి.

నూనెచుక్క
మీరు అక్కడ ఉన్నారా? నా ఇంజిన్ గురించి నాకంటే మీకు ఎక్కువ తెలుసా? ఎప్పుడూ ఇదే. మైక్రోమీటరు ఉన్నవారికి లోకమంతా తప్పే.

నిర్వాహకుడు
వ్యక్తిగతంగా వద్దు.

పాతబోల్టు (ఆదివారం రాత్రి)
మీరు పోట్లాడుతుండగా సబ్బుతో కడిగి పిస్టన్ బయటికి తీసి చూశాను. మెరుపు మచ్చలు రెండే. ఒకటి పైన ఎడమ వైపు, ఒకటి కింద కుడి వైపు. మిగతా చోట్ల లాపింగ్ మసక అలాగే ఉంది. ఇది ఏమిటి?

ఆకురాయి
ఏటవాలు మచ్చలు. పిస్టన్ గొట్టంలో నిటారుగా నడవడం లేదు. కనెక్టింగ్ రాడ్డు రెండు రంధ్రాలూ సమాంతరంగా లేవు, లేదా క్రాంకు పిన్ను వంకర. మీ బిగువుకు కారణం ఇదే. దీన్ని ఎన్ని గంటలు తిప్పినా సరికాదు, పిస్టన్ పీపాలా గుండ్రంగా అరుగుతుంది. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా. తప్పు బల్ల మీద జరిగింది, బల్ల మీదే దిద్దాలి.

నూనెచుక్క
ఆ మచ్చలు ఎలా కనబడ్డాయి? లేతు మీద తిప్పితే కనబడ్డాయి!

ఆకురాయి
రెండు రంధ్రాల్లో రెండు కడ్డీలు దూర్చి, కొసల మధ్య దూరం కొలిస్తే తిప్పకుండానే కనబడేవి.

నూనెచుక్క
కొలవడానికి ఏముంది నా దగ్గర? నా మైక్రోమీటరు 0.01 మి.మీ. వరకే చదువుతుంది, అదీ పాతది. మీరు మాట్లాడేది అందులో మూడో వంతు గురించి. నా లేతు బెడ్డు మధ్యలో అరిగిపోయింది. నేను చేసిన భాగం సరిగా ఉందో లేదో నాకు చెప్పేది ఇంజిన్ ఒక్కటే. తిప్పుతాను, విప్పుతాను, మెరిసిన చోట చూస్తాను, దిద్దుతాను, మళ్లీ తిప్పుతాను. మీకు రన్నింగ్ ఇన్ అంటే పని అయిపోయాక చేసే లాంఛనం. నాకు అది పనిలో సగం. నా పద్ధతిని మీరు తప్పు అంటున్నారని కాదు నా బాధ. అలా చేసినది ఇంజినే కాదన్నట్లు మాట్లాడుతున్నారు.

ఆకురాయి
అలా అనలేదు.

చల్లగాలి
రెండేళ్లుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. ఆకురాయి గారూ, ఆ పెద్దాయన రెండు గంటలు తిప్పకముందు మీ ఇంజిన్ ఎప్పుడైనా నడిచిందా?

ఆకురాయి (సోమవారం)
నడవలేదు. నాలుగు నెలలు ప్రయత్నించాను. అందుకే ఆయనకు ఇచ్చాను. ఆయన చేతిలో నడిచింది, వేడెక్కాక ఆగిపోయేది, కాని నడిచింది. ఆ చప్పుడు నేను వినలేదు. ఫోనులో చెప్పారు. ఆ తరువాతే కొలత పరికరాలు కొనడం మొదలుపెట్టాను.

నూనెచుక్క
నాకు చెప్పి ఉంటే పోయేది కదండీ.

ఆకురాయి
అయినా రెండు గంటలు ఎక్కువే.

నూనెచుక్క
అది ఒప్పుకుంటాను. నేను పది నిమిషాలే అన్నాను.

పాతబోల్టు (గురువారం)
కొత్త రాడ్డు చేశాను. రెండు రంధ్రాలూ ఒకే బిగింపులో, పలకను చక్ నుంచి కదపకుండా వేశాను. కంచు బుష్షు కూడా మార్చాను. ఈసారి పిస్టన్ పైకొసన పట్టేయడం లేదు, మెత్తగా ఆగి దాటుతోంది. హెడ్డు లేకుండా అయిదే నిమిషాలు తిప్పాను (ఇద్దరి మాటా విన్నట్లు ఉంటుందని). మెరుపు ఇప్పుడు చుట్టూ పలుచగా, సమంగా ఉంది.

ఈథర్, కిరోసిన్, ఆముదం సమపాళ్లలో కలిపాను, తలుపులు తెరిచి, దగ్గర్లో ఎక్కడా మంట లేకుండా చూసుకుని. పై స్క్రూ వదులు చేసి కంప్రెషన్ తగ్గించి, ఇంధనాన్ని వదిలే సూది బాగా తెరిచి, చేత్తోనే తిప్పాను. పదిహేడో తిప్పుకు ఒక దగ్గు, ఇరవై మూడుకు అందుకుంది. రెండు నిమిషాలు నడిపి ఆపాను. చేయి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ. అలా తొమ్మిది సార్లు. మొదటిసారి పొగ, గరుకు చప్పుడు. తొమ్మిదోసారికి సూదిని అర చుట్టు మూయగలిగాను, చప్పుడు సన్నబడింది.

ఆకురాయి
చల్లారే వరకు ఆగడం మంచి పని. వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కితేనే పోత ఇనుము కుదురుకుంటుంది. ఇంకో అరగంట మొత్తం అయ్యే వరకు సూది ఇంకా మూయకండి.

నూనెచుక్క
ఎగ్జాస్టు నుంచి కారే నూనె ఏ రంగులో ఉంది?

పాతబోల్టు
ఇంకా నల్లగానే ఉంది.

ఆకురాయి
పళ్లెంలో పోయండి.