కుందేళ్లకి .17 హెచ్‌ఎంఆర్: అడ్డగాలికి ఏం చేస్తున్నారు?

ఇన్నాళ్లూ .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా) తుపాకీతోనే కుందేళ్లు కొట్టాను. ఇప్పుడు .17 హెచ్‌ఎంఆర్ (ఇంకా సన్నని, వేగమైన తూటా) తుపాకీ కొన్నాను. 100 గజాలకి జీరో చేశాక (గురి సరిచేశాక), గాలి లేనప్పుడు అట్ట మీద తూటాలన్నీ ఒకేచోట పడుతున్నాయి. అడ్డగాలి లేస్తే చెదిరిపోతున్నాయి. లోపం తుపాకీదా, తూటాదా?

జవాబు 1:
తుపాకీని అనకండి. సెకనుకి 2,550 అడుగుల వేగంతో బయల్దేరినా అది 17 గ్రెయిన్ల (గ్రాము పైచిలుకు) తూటా, బరువేముంది? గంటకి 10 మైళ్ల అడ్డగాలి చాలు, 100 గజాల్లో మూడు అంగుళాలకి పైనే పక్కకి పోతుంది. కుందేలు తలకి గురిపెడితే తప్పినట్టే, లేదా దవడకి తగిలి గాయంతో బొరియలో దూరుతుంది. అది మరీ ఘోరం. గాలి రోజున నేను 60 గజాలు దాటి పేల్చను. 20 గ్రెయిన్లది వాడినా పెద్ద తేడా రాదు.

జవాబు 2:
వండుకునేవాళ్లైతే తలకే కొట్టండి. ప్లాస్టిక్ మొన తూటా ఒంట్లో ముక్కలై మాంసం పాడుచేస్తుంది. చప్పుడూ ఎక్కువే. దగ్గరి కుందేళ్లకి సబ్‌సోనిక్ (శబ్దం కంటే నెమ్మదిగా పోయే) .22 తూటా హాయి, పాతదాన్ని అమ్మేయకండి.

అడిగినవారు:
అమ్మను లెండి. అన్నా, ఆ 60 గజాలు పడుకుని కొట్టేటప్పుడా, నిలబడా?

జవాబు 1:
బైపాడ్ (తుపాకీకి రెండు కాళ్ల ఊత) మీద, పడుకుని. నిలబడితే అందులో సగం దూరమే.