మీ వీధి పని బడ్జెట్‌లోకి ఎలా ఎక్కింది? ఎక్కాక నిజంగా జరిగిందా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కొర్లగుంట వాసి:

అందరికీ నమస్కారం. మాది కొర్లగుంటలో ఒక అడ్డవీధి. గట్టి వాన పడితే పై వీధుల నీళ్లన్నీ మా దగ్గరికే దిగుతాయి. కాలువ ఉంది. కానీ వీధి మొదట్లో రెండడుగుల లోతున్నది, చివరికొచ్చేసరికి జానెడు కూడా లేదు. నీళ్లు ముందుకు పోలేక ఇళ్ల గడపలెక్కుతాయి. 2021 నవంబరు వరదలో కింది పోర్షన్ల వాళ్లు బియ్యం డబ్బాలు మంచాల మీద పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. మా పక్కింటి పెద్దమ్మ ఇప్పటికీ మబ్బు పట్టిందంటే చాలు, ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టిస్తుంది.

అడిగినప్పుడల్లా "బడ్జెట్‌లో పెడతాం" అనే మాటే వినిపిస్తోంది. బడ్జెట్ పాసయ్యాక పేపర్లో కోట్ల లెక్క చదువుతాం. మన కాలువ అందులో ఉందో లేదో తెలుసుకునేదెలా? మీలో ఎవరైనా వీధి పనిని బడ్జెట్‌లోకి ఎక్కించి చివరిదాకా చేయించుకున్నారా? ఎవర్ని కలిశారు, ఏ కాగితం అడిగారు? పార్టీల గొడవ వద్దు, మీకు జరిగింది చెప్పండి చాలు.

బైరాగిపట్టెడ అక్క:

మా వీధిలో అయింది తమ్ముడూ. టైం పట్టింది, కానీ అయింది.

మొదట మేమూ "మా వీధికి కాలువ కావాలి" అని ఒక్క వాక్యం రాసి, కింద సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. రసీదు వచ్చింది, అంతటితో సరి. తర్వాత వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీగా (రోడ్లు, కాలువల లాంటి సౌకర్యాలు చూసే ఉద్యోగి) ఉన్న అబ్బాయి దారి చెప్పాడు. "మేడమ్, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మీటర్లు, నీళ్లు చివరికి ఏ పెద్ద కాలువలో కలవాలి, ఇవి రాసివ్వండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు వచ్చి కొలతలు తీసుకుంటే ఎస్టిమేట్ తయారవుతుంది" అన్నాడు. మేమే టేపు పట్టి కొలిచాం. ఏ ఇంటి ముందు నీళ్లు ఎంత ఎత్తు నిలుస్తాయో గోడ మీద మరకలు చూసి రాసుకున్నాం. ఫోటోలు తీశాం. ఏఈ గారు వచ్చిన రోజు ఆ కాగితం చేతికిస్తే పని తొందరగా సాగింది. ఎస్టిమేట్ తయారైన పనికే లిస్టులో చోటు దొరుకుతుంది తమ్ముడూ. ఎన్ని అర్జీలిచ్చినా ఎస్టిమేట్ లేకపోతే అది కోరికగానే మిగిలిపోతుంది.

ఇంకో మాట. పని మొదలైన రోజు అందరూ వీధిలో ఉండండి. మా వీధిలో ఒక మేస్త్రి ఉన్నాడు. లెవెల్ పైపులో నీళ్లు పట్టి, కాంట్రాక్టర్ మనుషుల ముందే రెండు చివర్లా పట్టి చూపించాడు. నీళ్లు పోవాల్సిన చివర మొదటి చివర కంటే ఎత్తులో ఉంది! అప్పటికి అడుగున కాంక్రీటు వేయలేదు కాబట్టి మళ్లీ తవ్వారు. కాంక్రీటు గట్టిపడ్డాక చూసుకుని ఉంటే ఎవరూ పగలగొట్టేవాళ్లు కాదు. మీ కాలువ చివర జానెడే ఉందంటున్నారే, అది పూడికా, లెవెల్ తప్పా? ముందు గడ్డపారతో గుచ్చి చూడండి. పూడికైతే బడ్జెట్ దాకా పోనక్కర్లేదు, శానిటేషన్ వాళ్లే తీసేస్తారు.

జమాఖర్చుల మాస్టారు:

అక్కయ్య చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. నేను సీమలోనే వేరే ఊరి మున్సిపాలిటీలో అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. లెక్కల వైపు నుంచి కొంచెం చెబుతాను, ఓపిగ్గా చదవండి.

బడ్జెట్ పుస్తకంలో అంకె పడినంత మాత్రాన డబ్బు బ్యాంకులో ఉన్నట్టు కాదు. వచ్చే ఏడాది ఎంత వస్తుంది, దేనికి ఎంత ఖర్చు పెట్టాలి అనే అంచనా అది. కమిషనర్ తయారుచేయిస్తారు, కౌన్సిల్ ఆమోదిస్తుంది, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుంది. పుస్తకం చేతికొస్తే మొదట చూడాల్సింది పెద్ద మొత్తం కాదు. ప్రతి పద్దుకీ పక్కపక్కన గడులుంటాయి. గడిచిన ఏడాది నిజంగా పెట్టిన ఖర్చు, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. "కాలువలు" అన్న పద్దు దగ్గర ఆ మూడూ పోల్చండి. ఏటా అంచనా పెద్దదిగా, ఖర్చు చిన్నదిగా ఉంటే ఆ పద్దులో పనులు లిస్టుల్లోనే ఆగిపోతున్నాయని అర్థం.

రెండోది, డబ్బు ఎక్కడిది అన్నది. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ ఫీజులు, షాపుల అద్దెలు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా, ఇవన్నీ సాధారణ నిధి. జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుధ్యం పోను మిగిలిందే పనులకు. గ్రాంట్లకు వేరే షరతులు. 15వ ఆర్థిక సంఘం 2021–26కి పెట్టిన లెక్కలో, మన సైజు ఊళ్లకిచ్చే డబ్బులో 60 శాతానికి కట్టుబాటు పెట్టారు. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ లాంటివాటికి, సగం పారిశుధ్యం, చెత్త నిర్వహణకు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడొచ్చన్నారు గానీ జీతాలకు వాడకూడదన్నారు. అందుకే "కాలువకు డబ్బుల్లేవు" అంటే వెంటనే "ఏ పద్దులో లేవండీ?" అని మర్యాదగా అడగండి. ఒక పద్దులో లేకపోయినా ఇంకో పద్దులో ఉండొచ్చు.

మూడోది, సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "మా వీధికి ఏం చేశారు" అని అడిగితే రెండు ముక్కల జవాబొస్తుంది. పని పేరు రాసి, ఎస్టిమేట్ కాపీ, పరిపాలనా అనుమతి, అగ్రిమెంటు, ఎం బుక్ పేజీల నకలు కావాలని విడివిడిగా అడగండి. ఎం బుక్‌లో ఎన్ని మీటర్లు, ఎంత లోతు, ఎంత మందం కట్టారో కొలతలుంటాయి. బిల్లు ఇచ్చేది దాని మీదే. ఆ కాగితం పట్టుకుని వీధిలో నిలబడి కొలిస్తే అన్నీ తెలిసిపోతాయి.

ఎం.ఆర్.పల్లి నుంచి:

మాస్టారూ, ఇంత శ్రమ మనమెందుకు పడాలి? 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు. ఏటా 15 శాతం మించకూడదన్న పరిమితి ఉన్నా, పెరుగుతూనే ఉంది కదా. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. కట్టేవాళ్లకి కనీసం వీధి కాలువ అయినా రావాలి. నాకు నిజంగా కోపంగా ఉంది.

జమాఖర్చుల మాస్టారు:

కోపం న్యాయమైనదే బాబూ. ఆ కోపంతోనే డిమాండ్ నోటీసు తీసి చూడండి. అందులో లైబ్రరీ సెస్ వేరుగా ఉంటుంది, పన్ను మీద రూపాయికి 8 పైసలు. అది గ్రంథాలయ సంస్థకు పోవాల్సిన డబ్బు. కాబట్టి మీరు కట్టిందంతా వీధికి రాదు. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంది, వదులుకోకండి. 375 చదరపు అడుగుల లోపు సొంతిల్లు ఉండి అందులోనే కాపురం ఉంటున్నవాళ్లకి ఏడాదికి 50 రూపాయలే. మీ వీధిలో అలాంటి చిన్న ఇళ్లవాళ్లుంటే చెప్పండి, చాలామందికి తెలియదు.

ఇంకొకటి. చెత్త మీద నెలనెలా వసూలు చేసిన యూజర్ చార్జీని రద్దు చేస్తామని ముఖ్యమంత్రి 2024 అక్టోబరు 2న ప్రకటించారు. సామాన్యుడికి అది మంచిదే. కానీ చెత్త బండ్ల ఖర్చు ఆగదు కదా. ఆ భారం ఏ పద్దు మీద పడిందో బడ్జెట్‌లో చూడండి. దాన్నిబట్టే కాలువలకు మిగిలేది తెలుస్తుంది.

అన్నమయ్య సర్కిల్ దగ్గర:

నా మాట కొంచెం వేరు. వీధి కాలువ గురించి ఎంత కొట్లాడినా, కొండ నీళ్ల సంగతి తేలకపోతే ఉపయోగం తక్కువ. 2021లో కపిలతీర్థం, మాల్వాడిగుండం వైపు నుంచి దిగిన నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. లక్ష్మీపురం సర్కిల్ చెరువైపోయింది. అంతకు నెల ముందే, అక్టోబరులో, వెస్ట్ చర్చి రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలో వాహనం చిక్కుకుని ఒక మహిళ చనిపోయారు. యాత్రకొచ్చిన మనిషి. తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

పెద్ద కాలువలకు పెద్ద డబ్బు కావాలి. అది సాధారణ నిధితో అయ్యే పని కాదు. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. టీటీడీ, స్మార్ట్ సిటీ నిధులు కలిస్తేనే శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చింది, 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. టీటీడీ బడ్జెట్‌లో 1 శాతం ఊరి అభివృద్ధికి ఇవ్వాలని 2023 అక్టోబరులో పాలకమండలి తీర్మానం చేస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. భక్తుల కానుకలు ఊరికి ఖర్చు పెట్టొచ్చా అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల భావాన్ని గౌరవిస్తాను. కానీ రోజూ వేలమంది యాత్రికులు దిగే ఊరి మురుగు, చెత్త, నీళ్లు మూడు లక్షల మంది పన్నులతో నడవాలంటే ఎలా? 2011 లెక్కల్లో మన కార్పొరేషన్ జనాభా 2,87,035. ఆ అంకెను బట్టి వచ్చే గ్రాంటు, ఇక్కడ తిరిగే జనానికి చాలదు. నేను అడిగేది ఇదే.

చిత్తూరు గ్రీమ్స్‌పేట:

మాకు నీవా నది భయం. 2021లో మేమూ చూశాం.

మా అనుభవం డబ్బు గురించి కాదు, ర్యాంపుల గురించి. కాలువ బాగానే కట్టారు. ఆ తర్వాత ప్రతి ఇంటివాళ్లూ బండి ఎక్కించుకోడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపు వేసుకున్నారు. కింద చెయ్యి పెట్టే సందు లేదు. పారిశుధ్య కార్మికులు పూడిక తీయాలన్నా పార పోదు. కొట్టేస్తామంటే గొడవలు. చివరికి వీధివాళ్లం కూర్చుని మాట్లాడుకుని, ర్యాంపు మధ్యలో ఎత్తి పెట్టుకునే ఇనుప జాలీలు ఎవరి ఖర్చుతో వాళ్లు పెట్టించుకున్నాం. ఒప్పుకోని ఇల్లు ఒకటే మిగిలింది. వాళ్లింటి ముందు మాత్రమే ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. పక్కిళ్ల వాళ్లు ఇంకా నచ్చజెబుతున్నారు.

తాతయ్యగుంట కుర్రోడు:

అన్నా, మా దగ్గర పని కదిలింది జాతర వల్ల.

ఏటా మే నెలలో గంగ జాతరకి మా వీధిలో అంబలి పోస్తాం. రాగులు, మజ్జిగ, ఉల్లిపాయలు అన్నీ ఇంటింటికీ తిరిగి కూడగడతాం. అంటే ప్రతి గడపకీ పోయే అలవాటు, ఎవరింట్లో ఎవరున్నారో తెలిసిన పుస్తకం మాకు ముందే ఉన్నాయి. జాతర వారం లైట్లు, నీళ్లు, బ్లీచింగ్ బాగానే ఉంటాయి. అది అయిపోయాక అంబలి పోసిన పిల్లలే అదే పుస్తకం పట్టుకుని కాలువ కోసం సంతకాలు తీసుకున్నారు. అద్దెకున్నవాళ్లని కూడా వదల్లేదు. అప్పటిదాకా ఇంటి ఓనర్లే సంతకం పెట్టాలని అందరూ అనుకునేవాళ్లు. వీధిలో సగంమందికి పైగా అద్దెవాళ్లే, ముందు మునిగేది వాళ్లే కదన్నా.

సోమవారం ఫిర్యాదుల వేదికకి ఒక్కరు పోకుండా, ఆడవాళ్లు, ముసలివాళ్లు కలిసి పోయారు. నంబరు తీసుకున్నారు. ఆ నంబరు వీధి గ్రూపులో పిన్ చేసి పెట్టాం. జవాబు రానప్పుడల్లా ఎవరో ఒకరు అదే నంబరుతో ఫోన్ చేసేవాళ్లు. కొత్త ఫిర్యాదు పెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది, పాత నంబరే పట్టుకోండి.

కొర్లగుంట వాసి:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, మీ పోస్టు ప్రింటు తీసి వీధిలో నలుగురికి ఇచ్చాను. అక్కా, మీరు చెప్పినట్టు గడ్డపారతో చూశాం. మొదట అంతా పూడికే తగిలింది, శానిటేషన్ సెక్రటరీకి చెప్పాం, తీస్తామన్నారు. కానీ చివరి నాలుగిళ్ల ముందు పూడిక తక్కువ, అడుగున కాంక్రీటే ఎత్తుగా తగులుతోంది. అంటే అక్కడ కొత్తగా కట్టాల్సిందే. ఈ ముక్కకి మాత్రమే ఎస్టిమేట్ అడిగితే తొందరగా అవుతుందా, మొత్తం వీధికి అడగాలా?

జమాఖర్చుల మాస్టారు:

ముక్కకే అడగండి. చిన్న పనికి అనుమతి కింది స్థాయిలోనే దొరుకుతుంది. మొత్తానికి అడిగితే పెద్ద లిస్టులో వెనకబడుతుంది. అర్జీలో మాత్రం ఆ ముక్క ఏ పెద్ద కాలువలో కలుస్తుందో తప్పకుండా రాయండి. అది లేకుండా ఎస్టిమేట్ వేస్తే మీ నీళ్లు కింది వీధివాళ్ల మీద పడతాయి, ఈసారి వాళ్లు అర్జీ పెడతారు.

బైరాగిపట్టెడ అక్క:

ఆదివారం పొద్దున్నే మా మేస్త్రిని పిలుచుకొస్తాను, లెవెల్ చూసిపెడతాడు. కూలి ఏమీ వద్దన్నాడు. టేపు మీరు తెచ్చి ఉంచండి, మాది 30 మీటర్లదే. ఆ నాలుగిళ్లవాళ్లని ఇంట్లో ఉండమని చెప్పండి, గోడల మీద మరకలు చూడాలి.