గుణింతాలన్నీ వచ్చు, 'కుర్చీ' చదవడం రాదు: లోపం ఎక్కడుంది?

రెండో తరగతి టీచర్:
గుణింతాలు గడగడా అప్పజెప్పే పిల్లలే 'మేడ'ని 'మెడ' అంటున్నారు. 'కుర్చీ' చూపిస్తే 'కు… రీ… చ' అని ఆగిపోతున్నారు. 'కె' ఏదని అడిగితే 'క కా కి కీ' నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా వస్తున్నారు. మళ్లీ గుణింతాలే రాయించాలా? రోజుకి పావుగంటే దొరుకుతుంది.

పలకాబలపం:
రాయించడం కొన్నాళ్లు ఆపండి మేడమ్. గుణింతం వాళ్లకి పాటగా వచ్చింది. పాటని మధ్యలోంచి ఎత్తుకోలేరు, అందుకే 'కె' కోసం మొదటికి వెళ్తున్నారు.

అడ్డంగా కాకుండా నిలువుగా చదివించండి: కి, గి, తి, ది, ని, రి. అన్నిట్లోనూ గుడే కాబట్టి 'ఇ' చెవికి పట్టుబడుతుంది. మర్నాడు అవే హల్లులకి ఎత్వం, ఆ మర్నాడు ఏత్వం. అప్పుడు మెడ–మేడ, విడు–వీడు లాంటి జంటలు ముందు నోటితో, తర్వాత బోర్డు మీద.

ఇంకోటి. 'తకు గుడిస్తే తి' అని వల్లించే పిల్లలకి 'త'లో ఉన్న 'అ' పోవాలని ఎవరూ చెప్పరు. లిపి ఆ సంగతి కంటికే చూపిస్తుంది. 'త' రాసి తలకట్టుని వేలితో చెరిపేయండి, 'త్' అని పలికించండి. చెరిపిన చోటే గుడి పెట్టండి: 'తి'. జ, ట, ణ, బ, ల వంటివాటికి తలకట్టు ఉండదు, వాటితో మొదలుపెట్టొద్దు. త, క, న, ర, ప, మ చాలు. దీర్ఘం, గుడి, కొమ్ము కలిస్తే తాత, కాకి, పాక, పని, పాము, కారు వచ్చేస్తాయి.

ఒత్తక్షరం:
'కుర్చీ' చిక్కు వేరే. చప్పట్లు కొట్టిస్తే 'కుర్–చీ' అని రెండే కొడతారు, 'ర్' మొదటి చప్పట్లోనే ఉంటుంది. రాతలో అది రెండో అక్షరంలోకి పోయింది. పైగా గుడిదీర్ఘం 'ర' నెత్తిన ఉంది, పలికేది మాత్రం 'చ' తర్వాత. పిల్లలు కనిపించింది కనిపించినట్టే చదివారు, వాళ్లని తప్పుపట్టలేం.

వేలు నడిచే దారి నేర్పండి: ముందు పెద్ద అక్షరం, తర్వాత కింద ఒత్తు, చివరికి పైన గుర్తు. ర్… చ్… ఈ. ముందు 'కు' చేర్చి రెండుసార్లు నెమ్మదిగా, మూడోసారి గబుక్కున.

మొదట ముగ్గు, పచ్చ, చెట్టు, గుడ్డు, ముద్ద. వీటి ఒత్తు అక్షరాన్ని పోలి ఉంటుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకి ఆ పోలిక లేదు, విడిగా ఒక వారం కేటాయించాలి. గోడల మీద మొదట కనిపించే అమ్మ, అన్న, అత్త ఈ కష్టమైన గుంపులోవే!

పలకాబలపం:
సున్న కూడా చూసుకోండి. 'పంపు'లో అది మ్, 'పంది'లో న్. 'అమ్' అని ఒకటే నేర్పితే 'పమ్ది' అంటారు.

నిజంగా చదువుతున్నారో, బొమ్మ చూసి ఊహిస్తున్నారో తేలాలంటే అర్థం లేని మాటలు 10 ఇవ్వండి: దీకు, నెపా, గిత్తూ… 8 దాకా సరిగ్గా చదివితేనే కొత్త గుర్తు ఎత్తుకోండి.

రెండో తరగతి టీచర్:
రేపే తలకట్టుతో మొదలుపెడతాను. మరి 'పు', 'వు'ల్లో కొమ్ము వేరేగా ఉంటుంది కదా?

ఒత్తక్షరం:
అవునండి, కిందికి దిగుతుంది. మామూలుగా పక్కన పెడితే 'వు' అచ్చం 'మ'లా కనిపిస్తుంది. కు, రు, ను స్థిరపడ్డాకే అవి చూపించండి.