జోహార్ అసలు ఎవరిది?

శాలిని: యూదుల మార్మిక గ్రంథం జోహార్ చదవాలనుంది. రెండో శతాబ్దపు రబ్బీ (యూదు మతగురువు) షిమోన్ బార్ యొహాయ్ బోధ అని కొందరు, 13వ శతాబ్దపు స్పెయిన్‌లో మోషే దె లియోన్ రాశాడని కొందరు అంటున్నారు. ఏ అనువాదం మంచిది? నలభై ఏళ్లు నిండనివారు చదవకూడదంటారు, నిజమేనా?

పాతపొత్తం: మోషేనే రాశాడు. 1305లో ఆయన పోయాక, మూలప్రతి ఇస్తే మీ అమ్మాయిని కోడలిగా చేసుకుంటామని ఆవిలా ధనవంతుడు యోసేఫ్ ఇంటి నుంచి కబురు వచ్చింది. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. అయినా మోషే భార్య "మూలప్రతి లేదు, సొంతంగా రాశాడు" అంది. అబద్ధమాడితే ఆమెకు ఒరిగేదేమిటి?

రేవతి: ఆ మాట మీరు విన్నట్టే చెబుతున్నారు! ఆమె యోసేఫ్ భార్యతో అందట, అది చెవులు మారి ఆ రోజుల్లో దీన్ని ఆరా తీస్తున్న అక్కో ఊరి ఐజాక్‌కు చేరిందట. ఆయన దినచర్య పుస్తకమూ పోయింది. తర్వాతి చరిత్రకారుడు జకూతో తన గ్రంథంలో ఎత్తి రాసినందున మిగిలిన భాగం, మోషే శిష్యుడు యాకోబు భూమ్యాకాశాల సాక్షిగా ప్రమాణం చేసే చోటే తెగిపోయింది. అసలు సాక్షి నోరు విప్పేలోపే ఆగిన కథతో తీర్పు చెబుతారా?

అరమాయిక్ మాస్టారు: జోహార్ ఉన్న అరమాయిక్ భాషను పదేళ్లుగా నేర్పుతున్నాను. సాక్షులెందుకు? ప్రార్థనామందిరాన్ని జోహార్ "ఏష్ నోగా" అంటుంది, అంటే వెలుగులీనే అగ్ని. స్పెయిన్ యూదుల వాడుకమాట "ఎస్నోగా"కు చెప్పిన అర్థమిది. రెండో శతాబ్దపు గలిలయలో ఆ మాట ఎక్కడిది?

రేవతి: ప్రక్షిప్తం కావచ్చుగా! ఈ తప్పులన్నీ ఏరి 1768లో అచ్చువేసిన రబ్బీ యాకోబ్ ఎమ్డెన్ కూడా మూలభాగం పాతదేనన్నాడు.

అరమాయిక్ మాస్టారు: ఒక్క మాటైతే ప్రక్షిప్తం. వ్యాకరణం పొడవునా మధ్యయుగపు హీబ్రూ వాసన వస్తుంటే ఏమంటారు? మొదట్లో సందేహించిన పరిశోధకుడు షోలెం 1941 నాటికి మోషే పేరే ఖాయం చేశాడు. చదివి వాదించండి.

రేవతి: చదివాను. ఒక్కడి పని కాదు, ఒక బృందానిదని షోలెం తర్వాతి పరిశోధకుడు లీబెస్ వాదించాడు. అది మీరు చదివారా?

దీపస్తంభం: యెమెన్‌లో రబ్బీ యిహ్యా కాఫిహ్ దీన్ని కాదన్నందుకు సమాజమే రెండుగా చీలింది. మీకిది వ్యాకరణం, వాళ్లకు విశ్వాసం. ఇజ్రాయెల్‌లోని మెరోన్‌లో షిమోన్ సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకునేవారిని నేను చూశాను. కాస్త మర్యాదగా మాట్లాడండి.

పాతపొత్తం: మర్యాదకు నేనేం లోటు చేశాను? నిజం చెప్పిన ఇల్లాలినే నమ్మానుగా!

గ్రంథాలయం: శాలిని గారూ, డేనియల్ మాట్ మొదలుపెట్టిన ఆంగ్లానువాదం తీసుకోండి, 2004–2017 మధ్య 12 సంపుటాలు వచ్చాయి, తొలి తొమ్మిది ఆయనవే. మొదటిదానిలో నాకు మూలం కన్నా అడుగున ఉన్న వివరణలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. అందులో చూపే పుటసంఖ్యలు ఇటలీలో 1558–60లో వచ్చిన మాంతువా ముద్రణవి, అదే కాలపు క్రెమోనా ముద్రణవి కావు.

శాలిని: ధన్యవాదాలు. నలభై ఏళ్ల సంగతి?

రేవతి: ముందు మాస్టారు గారు లీబెస్ సంగతి చెప్పాలి.