ఐఈఎల్‌టీఎస్ రీడింగ్: రూట్ పదాల లిస్టు బట్టీ పడితే పనవుతుందా?

బైరాగిపట్టెడ_నర్సింగ్
అందరికీ నమస్కారం. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. పది దాకా తెలుగు మీడియమే. యూకేకి అప్లై చేయాలంటే ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) అకడమిక్ రీడింగ్‌లో 7 బ్యాండ్ కావాల. ప్రాక్టీస్ టెస్టుల్లో 40కి 22, 24 దగ్గరే నిలబడిపోతా ఉంది. మూడో ప్యాసేజీ సగంలో ఉండగానే గంట అయిపోతుంది. కోచింగ్‌లో 300 రూట్ల (ఇంగ్లిష్ పదాల మూలాల) జిరాక్స్ కాగితాలు చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు. అది నిజంగా పనికొస్తుందా? తెలియని పదం ఎదురైతే రూట్‌తో అర్థం ఎట్లా పట్టాల? ఇచ్చిన వాక్యం ప్యాసేజీ ప్రకారం ట్రూ (నిజం), ఫాల్స్ (తప్పు), నాట్ గివెన్ (చెప్పలేదు)లలో ఏదో పెట్టమంటారు కదా, అందులో ఫాల్స్‌కీ నాట్ గివెన్‌కీ తేడా కూడా కాస్త చెప్పండన్నా, అక్కా.

చంద్రగిరి_కోట
అకడమిక్‌లో 23 కరెక్టయితే సుమారుగా 6, 30 అయితే 7. అంటే నీకు కావాల్సింది ఇంకో ఆరు నుంచి ఎనిమిది మార్కులే. ముందు అవి ఎక్కడ పోతున్నాయో చూడు. పాత టెస్టుల్లో తప్పిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం రాయి: పదం తెలియక పోతే ‘ప’, చోటు దొరికినా అర్థం చేసుకోవడంలో పొరపాటైతే ‘అ’, టైమ్ చాలకపోతే ‘ట’. చాలామందికి ‘అ’, ‘ట’లే ఎక్కువ తేలతాయి. అట్లాంటప్పుడు 300 రూట్లు పట్టుకుని కూర్చుంటే ఒరిగేదేమీ లేదు.

ఫాల్స్, నాట్ గివెన్ సంగతి మన ఊరి మాటలోనే చూడు. ప్యాసేజీలో ఇట్లా ఉందనుకో: “తోతాపురి కాయల్లో ఎక్కువ భాగం పల్ప్ ఫ్యాక్టరీలకు పోతుంది, మిగిలినది మార్కెట్‌లో పండుగా అమ్ముతారు.”

“తోతాపురి అంతా పల్ప్‌కే పోతుంది” అంటే ఫాల్స్. మిగిలినది మార్కెట్‌కు పోతుందని ప్యాసేజీయే ఎదురు చెబుతోంది. “కొంత తోతాపురిని పండుగానే అమ్ముతారు” అంటే ట్రూ. “మార్కెట్ కంటే ఫ్యాక్టరీలోనే రైతుకు ధర ఎక్కువ” అంటే నాట్ గివెన్. ఫ్యాక్టరీ ఉంది, మార్కెట్ ఉంది, ధర ఊసే లేదు. చిత్తూరు జిల్లావాళ్లకు ఆ ధరల గురించి బోలెడు తెలిసి ఉండొచ్చు, అదంతా పరీక్ష హాలు బయటే పెట్టాల. ఫాల్స్ అని పెట్టే ముందు “దీన్ని కాదంటున్న మాట ఏది?” అని అడుగు. ఆ మాట మీద వేలు పెట్టలేకపోతే నాట్ గివెన్.

ఇంకొకటి, ఈ రకం ప్రశ్నల జవాబులు ప్యాసేజీలో వరసగానే వస్తాయి. నాలుగోదాని చోటు, ఆరోదాని చోటు దొరికితే ఐదోది ఆ మధ్యలోనే వెతకాల. అక్కడ లేదంటే ప్యాసేజీ అంతా తిరగేయొద్దు. టైమ్ పోయేది ఎక్కువగా ఇక్కడే, లేనిదాన్ని వెతుకుతా.

గాంధీరోడ్డు_మూల
రూట్లు దండగ అని మాత్రం నేనొప్పుకోను. లిస్టుగా బట్టీ పట్టడం దండగ, అంతే. మన భాషలోనే చూడండి. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం: ధాతువు ఒకటే, ఉపసర్గ మారితే అర్థం ఎక్కడికో పోతుంది. ‘హరించడం’ ఒక్కటి తెలిసినంత మాత్రాన విహారం అంటే ఏమిటో చెప్పలేం కదా. ఇంగ్లిష్‌లో ‘ఫెర్’ అంటే మోయడం, తేవడం. ట్రాన్స్‌ఫర్‌కి అది సరిపోతుంది. ఇన్ఫర్, డిఫర్, కాన్ఫర్ దగ్గరకొస్తే రూట్ ఒక్కటే చాలదు. కాబట్టి ముందు పదం వాక్యంలో చూడాల, తర్వాత రూట్‌తో దాన్ని గుర్తుపెట్టుకోవాల.

సంధి కూడా అంతే. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టే ‘యాడ్’, ‘ట్రాక్ట్’ కలిస్తే అట్రాక్ట్. ‘ఇన్’ అన్నది లీగల్ ముందు ‘ఇల్’, పాసిబుల్ ముందు ‘ఇమ్’, రెగ్యులర్ ముందు ‘ఇర్’ అవుతుంది. ఇది తెలిస్తే లిస్టులో నాలుగు వరసలు ఒకటవుతాయి.

నర్సింగ్ వాళ్లకు సగం పని ముందే అయిపోయింది. టాకీకార్డియాలోని టాకీయే (వేగం) బండి టాకోమీటర్‌లో ఉంది. రైనైటిస్‌లోని ముక్కే రైనోసెరస్‌లో ఉంది. క్రానిక్‌లోని ‘క్రాన్’ (కాలం) తెలిసినవాళ్లకు క్రొనలాజికల్, సింక్రనైజ్, అనాక్రొనిజం కొత్త కాదు. పాథాలజీలోని ‘పాథ్’ (బాధ, భావన) నుంచి ఎంపతీ, అపతీ. ఇవి గ్రీకువి. అకడమిక్ ప్యాసేజీల్లో ఎక్కువ తగిలేవి లాటిన్ క్రియలు: స్పెక్ట్ (చూడు), డక్ట్ (నడిపించు), వర్ట్ (తిప్పు), టెయిన్ (పట్టుకో), మిట్ (పంపు), సెప్ట్ (తీసుకో), స్క్రైబ్ (రాయి), రప్ట్ (పగులు). వారానికి ఐదు రూట్లు, ఒక్కో రూట్‌కి చదువుతుండగా తగిలిన నాలుగు పదాలు, ప్రతిదానికీ ఆ వాక్యం. అంతకంటే వద్దు.

మోసం చేసేవీ ఉన్నాయి. ‘మాల్’ అంటే చెడ్డ అని నేర్చుకుని మాలియబుల్‌ని చెడ్డ మాట అనుకుంటారు. అది సుత్తి నుంచి వచ్చింది, నీకు తెలిసిన చెవిలోని మాలియస్ ఎముక లాగే. సాగగొట్టదగినది అని అర్థం. పెడెస్ట్రియన్‌లో ‘పెడ్’ పాదం, పీడియాట్రిక్స్‌లో పిల్లలు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు, మండేది! ఇన్వాల్యుబుల్ అంటే విలువలేనిది కాదు, వెలకట్టలేనిది.

అందుకే ఊహించాక వాక్యంతో సరిచూడాల. “అన్‌లైక్ ద గ్రిగేరియస్ లయన్, ద లెపర్డ్ హంట్స్ అలోన్” అని ఉందనుకో (అలిపిరి దారి చిరుతే!). గ్రిగేరియస్ తెలియదు. చివర ‘అస్’ ఉంది, లయన్ అనే మాటకు ముందు వచ్చింది, కాబట్టి విశేషణం. ‘గ్రెగ్’ అంటే మంద, కాంగ్రిగేషన్, సెగ్రిగేట్‌లలో ఉన్నదే. ముందు అన్‌లైక్, వెనక అలోన్. చిరుత ఒంటరి అయితే సింహం గుంపుగా ఉండేది. రూట్, వాక్యం ఒకే మాట చెప్పాయి, నమ్మొచ్చు. రెండూ కొట్టుకుంటే వాక్యాన్నే నమ్మాల.

పీలేరు_ఎక్స్‌ప్రెస్
ప్రశ్నకు సంబంధం లేని తెలియని పదాన్ని అసలు ముట్టుకోవద్దు. శాస్త్ర పదమైతే తరచు పక్కనే కామా పెట్టి అర్థం చెబుతారు.

టైమ్ విషయానికొస్తే, మూడోది కష్టం కాబట్టి 17, 20, 23 నిమిషాలుగా పంచుకోండి. జవాబులు ఎక్కించడానికి రీడింగ్‌కు అదనపు టైమ్ ఇవ్వరు. నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ వదలొద్దు. ఖాళీలు పూరించేటప్పుడు “రెండు పదాలకు మించరాదు” అంటే మూడు రాస్తే సున్నా. హైఫన్‌తో కలిసింది ఒకే పదం. స్పెల్లింగ్ ప్యాసేజీలోంచి చూసి దింపండి, ఎదురుగా ఉన్నదాన్ని తప్పు రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

బైరాగిపట్టెడ_నర్సింగ్
చాలా థాంక్సన్నా. పాత పేపర్లు తీసి చూస్తే ‘ట’లే ఎక్కువ, అవీ హెడింగ్స్ మ్యాచింగ్ (ప్రతి పేరాకు లిస్టులోంచి సరైన శీర్షిక పెట్టడం) ఉన్న ప్యాసేజీల్లోనే. దానికేమన్నా దారుందా? ఓఈటీ (వైద్యరంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) అయితే సులువని హాస్టల్లో అంటున్నారు, నిజమేనా?

చంద్రగిరి_కోట
హెడింగ్స్ లిస్టు ముందే మొత్తం చదివి బుర్ర పాడుచేసుకోవద్దు. పేరా మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం చదివి, “ఇది దేని గురించి?” అని తెలుగులో మూడు నాలుగు మాటల్లో అనుకో. ఆ తర్వాతే లిస్టులోకి చూడు. పేరాలోని పదం ఉన్నదున్నట్టు హెడింగ్‌లో కనబడితే అనుమానించు, అది ఉదాహరణలోని ముక్క అయ్యుంటుంది. రెండింటి మధ్య తేలకపోతే రెండూ పక్కన రాసి ముందుకుపో. మిగతా పేరాలకు పెట్టేశాక ఒకటి దానంతటదే రాలిపోతుంది.

ఓఈటీలో విషయం ఆసుపత్రిది, కాబట్టి పదాల బెంగ తగ్గుతుంది. టైమ్ బెంగ తగ్గదు. పార్ట్ ఏలో 15 నిమిషాల్లో నాలుగు చిన్న పాఠాలు, 20 ప్రశ్నలు. ‘ట’లు ఎక్కువున్నవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. ఫీజు కూడా ఐఈఎల్‌టీఎస్ కంటే ఎక్కువ. ముందు ఒక నమూనా పార్ట్ ఏని గడియారం పెట్టుకుని చేసి చూడు, ఆ తర్వాతే డబ్బు కట్టే సంగతి.